పూచి ఉండాది

1928లో నన్ను తమిళ సీమలోని కోవిల్‌పట్టికి వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. రైతు పొలంలోనే కొత్త పద్ధతి చేసి చూపించే ఉద్యోగం అది. పైన అధికారులు, కింద ఒక మేస్త్రీ, కూలీలు. పుదూరు వైపు కొన్ని ఊళ్లు ఒకప్పుడు మా తాతగారికి శిస్తు కట్టినవే. ఆ ఊళ్లలోకే నేను జీతగాడిగా వెళ్లాను. తల వంచుకుని మాత్రం వెళ్లలేదు.

ఆ రోజుల్లో నాగజెముడు నల్లరేగడి చేలను మింగేస్తూ ఉండేది. దాన్ని చంపడానికి ఒక పురుగును తెప్పించారు. తెల్లటి దూదిలాంటి పొర కప్పుకుని అది మట్టలను పీల్చేస్తుంది. వేళ్ల మధ్య నలిపితే ఎర్రరంగు అంటుతుంది. పురుగు పట్టిన మట్టలు కోసి, వేరే ఊరి జెముడు మీద వేయించడం నా పని. పురుగు పట్టిన మొక్క మొగ్గ తొడుగుతుందా లేదా అని ఎండలు మొదలయ్యే తమిళ నెల పంగుని అంతా గమనించమన్నారు.

పోల్చి చూడటానికి పురుగు లేని జెముడు కంచె ఒకటి కావాలి. రామక్క అనే వితంతువు పత్తిచేను కంచెను ఎంచుకున్నాను. ఆమె అడిగిందీ అదే.

"పత్తి ఎత్తేదాకా కంచె ఉండనీ దొరా. మేకల్ని తోలుకుంటా కూచుంటే పత్తి ఎవురు ఎత్తేది?"

ఆమె ఏడాది తిండి ఆ చేనిదే. పై అధికారి ఒప్పుకున్నారు. పురుగు తనంతట తాను వచ్చి పడితే మాత్రం కోసేయాలన్నారు. నేను రామక్కకు మాట ఇచ్చాను.

రోజూ పొద్దున్నే వెళ్లేవాణ్ణి. ముందు మట్ట అంచున గోరంత ఎర్రని మొటిమలు లేచాయి. అవి మొగ్గలై, ఎండ ఎక్కేసరికి పసుపుగా విచ్చేవి. సాయంత్రానికి అదే పువ్వు నారింజ రంగుకు తిరిగి ముడుచుకునేది. అంత మొరటు మొక్కకు అంత పలచని రేకులు. పురుగు పెట్టిన కంచెల్లో మొగ్గలు పుట్టినచోటే ఎండిపోయాయి.

ఒకరోజు ఆ అధికారి బండిలో వచ్చారు. ఆయనకు తమిళమే గాని మా ఇళ్ల తెలుగు రాదు. నెర్రెలిచ్చిన చేలోకి దిగడం ఇష్టంలేక బండి దగ్గరే నిలబడి, కంచె ఎలా ఉందని రామక్కను అడిగారు. ఆమె పక్కనున్న నన్ను చూస్తూ ఇంటి మాటలోనే చెప్పింది.

"పూచి ఉండాది."

పూసి ఉంది అని ఆమె అన్నది. తమిళంలో పూచ్చి అంటే పురుగు, ఉండు అంటే ఉంది; ఆయన పురుగు పట్టిందనే విన్నారు. దానికి తోడు, ముళ్లకు చిక్కిన పత్తిపింజలు దూరానికి తెల్లగా కనబడుతున్నాయి. కంచె కోసి, అక్కడి జెముడు మీద వేయడానికి మట్టలు విరుదునగరం వైపు పంపమని అక్కడే హుకుం ఇచ్చారు.

నేను ఒక పింజ తెచ్చి నలిపి, ఎరుపు అంటని వేళ్లు చూపించాను. అది తెలుగు మాట అని చెప్పాను. ఆయన నవ్వారు.

"మీ పురుగులు కూడా తెలుగేనా జమీందారూ?"

మేస్త్రీ కూడా నవ్వాడు. మీ కులం ఆవిడ కోసం అడ్డుపడకండి అని అధికారి జోడించారు. నాలుగడుగులు నడిచి మొక్కను చూడని మనిషి, నా కులాన్ని మాత్రం బండి దగ్గరి నుంచే చూడగలిగారు.

దీన్ని నా చేతి మీదుగా కోయించనని చెప్పాను. మేస్త్రీ కోయించాడు, పూలతో మొగ్గలతో సహా. సాయంత్రానికే మేకలు చేలో పడ్డాయి. రామక్క నన్ను తిట్టలేదు.

"మాట ఇస్తివే దొరా" అంది.

మా ఇంట్లో భూములు పోయాయి, మాట పోలేదు. ఇంకొకరి బద్ధకం దాన్ని కూడా పోగొట్టింది. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఒళ్లు మండుతుంది.

నాగజెముడు మట్ట నేల తాకితే వేరు పోస్తుంది. పురుగు లేని ఆ మట్టలు విరుదునగరం వైపు ఒక ఊరి బాట పొడవునా నాటుకున్నాయి. రెండేళ్ల తర్వాత పంగునిలో అదే అధికారితో తనిఖీకి వెళ్లాను. బాటకు రెండువైపులా పసుపు పూలు. ఇదేమిటని అడిగారు.

"పూచి ఉండాది అయ్యా" అన్నాను.

ఈసారి ఆయన నవ్వలేదు.

రామక్క పత్తి పోయింది. తప్పయిందని ఆమెతో ఎవరూ అనలేదు. నేను నేర్చుకున్నది ఇంతే: ఎవరు ఏ భాషలో ఏం చెప్పినా, చేలోకి దిగి మొక్కను తాకి చూడకుండా హుకుం ఇవ్వకూడదు. పింఛను పుచ్చుకునేదాకా నా కిందివాళ్లచేత అలాగే చేయించాను.