అవ్వ పట్టుచీర కట్టిన దయ్యం

ఆ రోజుల్లో ఉద్యోగమంటే ఏదైనా ఉద్యోగమే అనుకునేవాళ్ళం. డిగ్రీ చేతికొచ్చి, ఏం చేయాలో తోచక ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న ఆడపిల్లను ఎవరైనా రేపటి నుంచి పనిలోకి రమ్మంటే, ఏం పని అని అడగడం కూడా మర్యాద కాదనిపించేది. లేకపోతే ధర్మవరంలో మగ్గాలవాళ్ళ ఇంట్లో పుట్టి, పడుగు పేకల మధ్య పెరిగి, బీకాం పాసైన నేను మొట్టమొదటి ఉద్యోగంగా దయ్యంగా చేరడమేమిటి చెప్పండి. (ఈ అనుభవాన్ని ఆ తర్వాత ఏ దరఖాస్తులోనూ రాయలేదు.)

ఆ ఉద్యోగం ఇచ్చింది మా అమ్మ తమ్ముడు. హిందూపురంలో వ్యాన్లు తిప్పుకునేవాడు కాబట్టి మా అందరికీ వ్యాను మామ. ముహూర్తాలున్నప్పుడు పెళ్ళివాళ్ళను, లేనప్పుడు బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళను లేపాక్షికీ పెనుకొండకూ తిప్పేవాడు. ఒకరోజు ఫోన్లో ఏదో నగరంలోని దయ్యాల టూరు వీడియో చూశాడు. పాడుబడిన బంగళా, ముందు ఒకడు కథ చెబుతూ పోవడం, వెనక జనం టికెట్ కొనుక్కుని మరీ భయపడడం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇక మామకు తిండీ నిద్రా లేవు. పెనుకొండలో కోట ఉంది, కొండ ఉంది, పాడుబడిన గోడలు కావలసినన్ని ఉన్నాయి, దయ్యమొక్కటే తక్కువని వాపోయేవాడు. అక్కడ మేకలు కాసే ఒక పెద్దాయనను విచారిస్తే, ఆయన బాగా ఆలోచించి, ఉంటే ఉండొచ్చుగానీ ఇన్నేళ్ళలో తనకైతే ఎండ తప్ప ఏమీ కనపడలేదన్నాడట. అంతటితో ఊరుకునే మనిషి కాదు మామ. యుద్ధానికి పోయిన రాజు తిరిగి రాకపోతే ఎదురుచూసి ఎదురుచూసి ప్రాణం విడిచిన ఒక రాణిని సొంతంగా పుట్టించాడు. కథ చెప్పేది మామ, రాణిని నేను. పాడుబడిన ఒక మంటపంలో ఈ చివరి స్తంభం నుంచి ఆ చివరి స్తంభం దాకా, జనానికి వీపు పెట్టి మెల్లగా నడిచి గోడ వెనక మాయమైతే చాలు. అదీ ఎండ పోకముందే, ఎందుకంటే ఆ రాత్రికి వ్యాను పెళ్ళివాళ్ళకు పోవాలి. (వ్యాను టైము చూసుకుని తిరిగిన దయ్యం నేనొక్కదాన్నే అయ్యుంటాను.)

పేచీ అంతా చీర దగ్గర వచ్చింది. మామ ఒక తెల్ల నైలాను చీర తెచ్చి నా ముందు పడేశాడు. దయ్యమైనంత మాత్రాన రాణి నైలాను కడుతుందా? మగ్గాలవాళ్ళ పిల్లను కదా, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పట్టు లేనిదే నడవనని భీష్మించాను. అయితే నీవే తెచ్చుకోమని మామ చేతులు దులుపుకున్నాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. పట్టు నేసే ఇళ్ళలో పట్టు కట్టేవాళ్ళు తక్కువ. మా నాయన మగ్గం మీద ఎప్పుడు చూసినా చీర ఉండేది, అది షావుకారుది. మాదని చెప్పుకోడానికి ఇంట్లో ఉన్న పట్టుచీర ఒక్కటే, అవ్వది. నేను పుట్టకముందే పోయిన తాత, అవ్వ కోసమని తన చేత్తో నేసింది. తమలపాకు పచ్చ ఒళ్ళు, కుంకుమ రంగు అంచు, నిండా జరీ కొంగు. అవ్వ దాన్ని పెళ్ళిళ్ళకు కూడా కట్టేది కాదు. ఏడాదికొకసారి పెట్టెలోంచి తీసి, మడత మార్చి, మళ్ళీ పెట్టేది. అలాంటి చీరను దయ్యం వేషానికి అడిగాను. దాచకుండా దయ్యమనే చెప్పాను. అవ్వ పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"కట్టుకోని పో," అంది చివరికి. "మీ తాత నేసింది పదిమందీ చూసిందే లేదు. కానీ ఒక్క పోగు తెగినా ఈ గడప తొక్కొద్దు."

మా అవ్వ వేళాకోళానికి మాటలనే మనిషి కాదు. కాబట్టి ఆ ఆదివారం పెనుకొండలో నాకు దయ్యంలా కనిపించాలన్న ఆశ కన్నా చీరను క్షేమంగా ఇంటికి చేర్చాలన్న భయమే ఎక్కువగా ఉండింది. మామ దృష్టిలో అది నాకు అబ్బిన గొప్ప గుణం, ముఖంలో దిగులు సహజంగా వచ్చిందట. బెంగళూరు వాళ్ళు వ్యాను నిండా వచ్చారు. గోడ వెనక నిలబడి వింటున్నాను. మామ తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో ఏడిపించి, మళ్ళీ తెలుగులోకి వచ్చి, రాణి అడుగుల చప్పుడు వినండి అన్నాడు. అది నేను బయలుదేరడానికి గుర్తు. కొంగు వెనక జీరాడేటట్టు వదిలి (ఇది మామ ఆజ్ఞ, లేకపోతే నేను నడుముకు చుట్టి దోపుకునేదాన్ని) నడక మొదలుపెట్టాను. వెనక ఎవరో ఊపిరి బిగబట్టారు కూడా. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వమనిపించింది.

మంటపం నడుమకు వచ్చేసరికి కొంగు వెనక్కి లాగినట్టయింది. రాజు కాదు, తుమ్మ కంప. స్తంభం పగులులోంచి మొలిచిన కొమ్మ ముల్లు సరిగ్గా జరీ పక్కన దిగింది. అసలు దయ్యమైతే పట్టించుకోకుండా నడిచి పోయేది. వేషం వేసిన దయ్యమైనా విదిలించుకుని పోయేది. మగ్గాలవాళ్ళ ఇంటి పిల్లకు ఆ రెండూ చేతకావు. చిక్కిన చోట లాగొద్దని మాకు నడక కన్నా ముందు నేర్పుతారు. ఆలోచన అనేది రాకముందే నేను నేల మీద గొంతుక్కూర్చుని, కొంగు ఒళ్ళో వేసుకుని, ముల్లు చుట్టూ పోగులను గోటితో ఒక్కొక్కటే సడలిస్తున్నాను. వెనక మామ గొంతు గాభరాగా వినిపించింది. రాణి ఇప్పుడేం చేస్తోందని ఎవరో కన్నడంలో అడిగారు. శాపం అన్నాడు మామ. శాపం వల్ల ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ కూర్చుండిపోతుందట. చేతులెందుకు ఆడిస్తోందంటే, దండ గుచ్చుతోందన్నాడు. పాపం, ఆ మనిషి చివరిదాకా నన్ను దయ్యంగానే నిలబెట్టాలని చూశాడు.

గుంపులోంచి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిడ, మామ వద్దంటున్నా వినకుండా నేరుగా వచ్చింది. పిల్ల ముళ్ళలో ఇరుక్కుందనుకుని, జాలిపడి, కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ప్రాణం ఎగిరిపోయింది.

"లాగొద్దక్కా, పోగు తెగుతాది," అన్నాను.

రాజు కోసం వందల ఏళ్ళుగా ఎదురుచూస్తున్న రాణి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. వెనక నవ్వులు ఎలా పేలాయో చెప్పలేను. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే పోగు అప్పటికే తెగింది. కొంగు మొదట్లో తెగిన కొనలు రెండూ మీసాల్లా లేచి నిలబడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అది చూసి నవ్వుతున్నవాళ్ళను కసిరి, నా ఎదురుగా చతికిలబడింది. ఏం చేయాలో చెప్పమంది. గుడ్డ బిగువుగా పట్టుకోమన్నాను. కొనలు సరిగా కనపడడం లేదంటే తన కళ్ళద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టింది. అలా రాణిగారు కళ్ళద్దాలతో, తెగిన కొనలను ఎంగిలితో తడిపి, పురిపెట్టి, వెనక వైపుకు దూర్చి ముడి వేశారు. చుట్టూ మూగినవాళ్ళంతా అంతసేపూ గుడిలో మాదిరి మెడలు చాచి చూశారు. ముడి పడ్డాక ఈ చీర ఎవరు నేశారని ఆవిడ అడిగితే, తాత సంగతి చెప్పాను. ఆ రోజు మామ చెప్పిన కథకన్నా దాన్నే వాళ్ళు శ్రద్ధగా విన్నారు. మామ దయ్యాల టూరు ఆ సాయంత్రమే మొదలై ఆ సాయంత్రమే ముగిసింది. తిరుగుదారిలో వ్యాను నడుపుతూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ధర్మవరం బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం, శాపం అన్నది బాగానే అతికింది కదా అని అడిగాడు. బాగా అతికింది మామా అన్నాను.

ఇంటి ముందుకొచ్చి ఆగిపోయాను. గడప తొక్కొద్దంది కదా. వీధిలోనే నిలబడి, మడిచిన చీర చేతుల మీద పెట్టుకుని, తెగిందవ్వా అన్నాను. అవ్వ వచ్చి గడప లోపల కూర్చుంది. చీర తీసుకుని ఒళ్ళో పరచుకుంది. అప్పటికి ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. కొంగు మొదట్లో వేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది. ఇక తిట్లకు సిద్ధపడ్డాను. ఆ వేలు అక్కడి నుంచి కాస్త పక్కకు జరిగి, మళ్ళీ ఆగింది.

"ఇది నీది," అంది. "ఈ పక్కది మీ తాతది."

నాకు అర్థం కాలేదు. అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది.

"నేను కనగానపల్లిలో మా అమ్మోళ్ళింట్లో ఉండాను. మీ నాయన పుట్టినాడని మీ తాతకు కబురు పోతే, మగ్గం మీద చేయి ఒణికి పోగు తెంచినాడంట. షావుకారు చీరయితే ఆ ముడి చూసి వాపసు ఇచ్చేటోళ్ళు. నాది గదా, నేను యాడికి ఇస్తా వాపసు." కొంగు మడిచి పక్కన పెట్టింది. "నీదీ ఉండనీ దాని పక్కనే. లోపలికి రా, కాళ్ళు కడుక్కోని తిను."

అవ్వ పోయాక ఆ చీర నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు హిందూపురంలో ఒక ఆఫీసులో లెక్కలు రాసుకుంటున్నాను, ఆ పనికి ఎవరూ కొంగు జీరాడించమని అడగరు. ఏడాదికొకసారి చీర బయటికి తీసి మడత మారుస్తాను. నాకూ కళ్ళద్దాలొచ్చాయి, అవి పెట్టుకుని చీర ఒళ్ళో వేసుకుని కూర్చుంటే మా ఆయన దయ్యం వచ్చిందంటాడు. పెనుకొండ ఎండలో ఎంగిలితో పురిపెడుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది. ముడులు రెండూ అక్కడే, పక్కపక్కనే ఉన్నాయి. ఎంతసేపు తడిమినా తాతది ఏదో, నాది ఏదో నా వేలికి తెలియదు. అవ్వ ఉంటే అడిగేదాన్ని.