పొట్టు పొయ్యికి కాళ్లు పెంచిన రోజులు

యుద్ధం రోజుల్లో మార్కాపురంలో కిరసనాయిలు దొరకడం గగనమైపోయింది. వానలకు కట్టెలు తడిస్తే ఇల్లంతా పొగ. మా ఆయనది రేకుపని. ఒకసారి గిద్దలూరు కలప డిపోల దగ్గర రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉండడం చూసి, ఒక బస్తా రైల్లో వేసుకొచ్చాడు.

పాత నూనెడబ్బాకు అడుగున పక్కగా కంత కోసి, మూడు పొట్టి కాళ్లు బిగించాడు. కంతలో ఒక కర్ర దూర్చి, పైనుంచి నా అప్పడాల కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరాడు. కర్రలు రెండూ మెల్లగా లాగేస్తే మధ్యలో గొట్టంలా దారి మిగిలింది. కింద నిప్పు పెట్టాడు. మంట నిటారుగా లేచింది. పొగ లేదు. సంగటి, పప్పు అయ్యాక కూడా నిప్పు మిగిలి ఉంటే స్నానానికి నీళ్లు కాచాను.

"చూసినావా?" అంటూ ఆయన పొయ్యి చుట్టూ తిరిగాడు. నాకు నవ్వు ఆగలేదు.

నెల తిరక్కుండా ఆ పొయ్యి కోసం వెలిగండ్ల నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆయన అడిగేవాడు: "ఎందరికి వండుతావమ్మా? కుండ ఎంతది?" దాన్నిబట్టి డబ్బా ఎంచేవాడు. పొద్దున లేస్తే సుత్తి చప్పుడే. నాకు ఆ చప్పుడు పండగలా ఉండేది.

ఆ ఊపులోనే బజారులో దుకాణం తీసుకున్నాడు. నలుగురిని పనికి పెట్టాడు. దుకాణానికి వచ్చేది మగవాళ్లు. పట్నంలో నిలబడి వండుకుంటారని వాళ్లలో ఒకాయన అన్నాడు. అంతే, నడుమెత్తు కాళ్లు నాలుగు, రెండు మంటలు, పైన ఆకుపచ్చ రంగు. దాన్ని దుకాణం ముందు పెట్టిన రోజు జనం మూగారు. నేనూ మురిసిపోయాను. ఇంట్లో వండి చూశాకే భయం వేసింది. ఊగుతోందని చెబితే, "అలవాటైతే సరిపోతాది" అన్నాడు.

ఒకరోజు పాలెం నుంచి కూలిపని చేసుకునే ఒకామె ఆ పొయ్యి నెత్తిన పెట్టుకొని వచ్చింది.

"అన్నా, సంగటి గెలుకుతాంటే పడిపోయింది. కొంచెంలో తప్పింది గానీ పాప కాలు కాలిపోయుండేది."

"నీకు వాడేది తెలీలేదమ్మా."

"పాతది వాడేటప్పుడు తెలిసింది గదన్నా."

పొయ్యి అక్కడే దించి వెళ్లిపోయింది.

మరునాడు ఎసట్లో పిండి పోసి, తెడ్డు ఆయన చేతికిచ్చాను. "ఈ పూట నువ్వు గెలుకు" అన్నాను. రెండు చుట్లు తిప్పేసరికి పొయ్యి ఊగింది. దాని కాలొకటి తన కాలితో తొక్కిపట్టుకొని కుస్తీ పట్టాడు.

"ఎన్నాళ్లనుంచి ఇట్ల ఊగుతాంది?"

"మొదటినుంచీ. చెప్తే వింటివా?"

అప్పటికే గిద్దలూరులో పొట్టి పొయ్యిలు చేస్తున్నారని, మా దగ్గరికి రావాల్సిన బండ్లు అటు పోతున్నాయని తెలిసింది. దుకాణం మూసి ఇద్దరం రైలెక్కాం. అక్కడొక ముసలాయన పొయ్యి కంతకు చిన్న జారుడు తలుపు పెట్టి ఉంది. దాన్ని కాస్త మూస్తే మంట తగ్గింది, తెరిస్తే పెరిగింది. మా ఆయన కుంగిపోతాడనుకున్నాను. ఆయన నేలమీద బోర్లా పడుకొని కంతలోకి చూస్తున్నాడు.

"ఇది నీకెట్ల తట్టింది మామా?"

"నాకేడ తట్టింది? పాలు పొంగిపోతన్నాయని మా కోడలు పోరుపెట్టింది."

ఒకటి కొన్నాం. తిరుగు రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకొని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ తలుపు జరిపి చూపించాడు. పక్కవాడి పనిని అంతగా పొగుడుతుంటే నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. తర్వాత మేము బజారులో దుకాణం మళ్లీ తెరవలేదు. ఇంటి అరుగు మీద చేసినవే చుట్టుపక్కల ఊళ్లకు చాలినన్ని పోయాయి. ఆ రోజు మాత్రం రైలు మా స్టేషనుకు వచ్చినా ఆయనకు తెలియలేదు. బండి కదులుతుంటే నేనే చెయ్యి పట్టి కిందికి లాగాను.