కీచుమన్న మైకు

“ఇరవై ఏళ్లలో ఒక్క పెళ్లిలో కూడా నా మైకు కీచుమనలేదు మాస్టారూ. ఆ రోజు నేనే కీచుమనిపించా,” అన్నాడు మీరావలి, వైరు చుట్ట చుడుతూ.

పర్చూరులో మైకుసెట్టు అంటే మీరావలే. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న అంకమ్మరావు మాస్టారు ఊళ్లో నాటకం వేసిన రోజున దర్శిలో ఉండిపోయాడు. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమని ఇప్పుడు వచ్చాడు.

మీరావలి మనవరాలు నగ్మాకి తొమ్మిదేళ్లు. ఆటిజం అని గుంటూరు డాక్టరు రాసిచ్చినా, ఊళ్లో ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. సందడిలో పిల్ల చెవులు మూసుకుని నేలమీద పడిపోతే గాలి సోకిందనేవాళ్లు కొందరు, గారాబం ఎక్కువైందనేవాళ్లు కొందరు. పిల్లకి లోపల ఏమవుతుందో ఊరు ఒక్కసారైనా తెలుసుకోవాలని ముసలాయన ఆశ.

అందుకే చర్చిలో నాటకాలాడించే ఏసోబు అలాంటి పిల్ల కథతో నాటకం వేస్తున్నాడని విని, అడక్కముందే మైకు తీసుకెళ్లాడు. తీరా రిహార్సల్లో ఆ పాత్ర వేసే నర్సు సంతోషకుమారి కళ్లు తిప్పుతూ, జుట్టు పీక్కుంటూ కేకలు పెడుతోంది. చూసేవాళ్లు పకపకా నవ్వారు. పిచ్చి వేషమంటే అంతే కదా అన్నాడు ఏసోబు.

“మనకి మాట ముందు వినపడుద్ది, ఫ్యాను చప్పుడు వెనక. మా నగ్మాకి అన్నీ ముందేనయ్యా,” అన్నాడు మీరావలి. “కళ్లంలో మిరప ఘాటు మనకి అలవాటు, దానికి రోజూ కొత్తే. సౌండు తగ్గించుకునే బటను దానికి లేదు. అమ్మాయిని ఊరికే కూర్చోనియ్యి. గోల నేను చేస్తా.”

రెండువేల అయిదు మార్చిలో, ఓ ఆదివారం మధ్యాహ్నం, చర్చి పక్క హాల్లో నాటకం వేశారు. తెర వెనక ఫ్యాను, మిక్సీ, టీవీ. ఒక్కోదాని దగ్గర ఒక్కో మైకు. వేదిక మీద సంతోషకుమారి చింతగింజలు వరసగా పేరుస్తుంటే తల్లి వేషం ఆవిడ ఏదో చెబుతోంది. మీరావలి అన్నిటి చప్పుడునీ ఒకే ఎత్తుకు తెచ్చాడు. తల్లి మాట అందులో మునిగిపోయింది. ఆఖరికి ఒక మైకును స్పీకరు బాక్సు వైపు తిప్పాడు. కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. సంతోషకుమారీ మూసుకుంది, అంతే.

ముందు వరసలో ఉన్న బ్యాండుమేళం గౌస్ బాషాకి ప్రాణం ఊరుకోలేదు. స్నేహితుడి సెట్టు పాడై పరువు పోతోందనుకుని, ఉరికొచ్చి అన్నిటికీ కలిపి ఉన్న ప్లగ్గు పీకేశాడు.

హాలంతా నిశ్శబ్దం. సంతోషకుమారి చేతులు వెంటనే తియ్యలేదు. ముందు ఒక వేలు, కాసేపటికి ఇంకో వేలు. జనం చేతులు కూడా అలాగే దిగాయి. ఎవరూ నవ్వలేదు. గౌస్ బాషా ప్లగ్గు పట్టుకునే మీరావలి వైపు తిరిగాడు.

“మన నగ్మాకి రోజూ ఇదేనా రా?”

“అవున్రా. పీకడానికి ప్లగ్గు లేదు.”

అంతవరకు చెప్పి మీరావలి వైరు పక్కన పెట్టాడు. గురువారం పెళ్లి ఊరేగింపు మీరావలి ఇంటి ముందునుంచే పోతుంది. బ్యాండు గౌస్ బాషాదే.

“నేనడిగితే వాడు మేళమే మానేస్తాడు, వాడి పొట్ట కొట్టినట్టవుతుంది. మీరెళ్లి చెప్పండి మాస్టారూ. మా ఇంటికి అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు వాయించకుండా నడవమనండి. పెళ్లికొడుకు ఎక్కే గుర్రమంటే పిల్లకి ప్రాణం, గుమ్మంలో కూర్చుని చూసుకుంటుంది.”