ఏసీలో మిరప ఘాటు

ఏసీ వేస్తే దగ్గు వస్తోందని కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళడం అది మూడోసారి. అంతకుముందు రెండుసార్లూ కడిగి, తుడిచి, "అయిపోయింది సార్" అంటూ తాళం చేతిలో పెట్టారు. ఇల్లు చేరేలోపే మా ఆవిడకు దగ్గు మొదలయ్యేది. ఆమెకు ఉబ్బసం. దర్శిలో వాళ్ళక్క మంచం పట్టి, చెల్లెల్ని చూడాలని రోజూ ఫోన్ చేయిస్తోంది. బస్సు పడదు. కిటికీలు దించితే దుమ్ము పడదు. కారు బాగుపడితేనే ప్రయాణం.

సర్వీస్ అడ్వైజర్ నడివయసు మనిషి, మర్యాదస్తుడు. కంప్యూటర్ లోంచి తలెత్తకుండానే, "కూలింగ్ కాయిల్ పోయిందండీ. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. వారం పడుతుంది" అన్నాడు.

వారం అనగానే మా ఆవిడ నా వంక చూసింది.

పోట్లాడే ఓపిక లేదు. పోట్లాడితే కాఫీ ఇప్పించి ఇంకాసేపు కూర్చోబెడతారు, అంతే. జరిగిన చోటుకు వెళ్ళి చూడకుండా రాసిన వార్త ఎంత తప్పుగా తేలుతుందో పత్రికలో పనిచేసిన రోజుల్లో చాలాసార్లు చూశాను.

"ఒక్కసారి మాతో కారులో కూర్చోండి. మిర్చి యార్డు రోడ్డు దాకా వెళ్ళొద్దాం. తర్వాత మీరేం చెబితే అది" అన్నాను.

అద్దాలు ఎత్తి ఏసీ వేశాను. గేటు దాటకముందే అతను తుమ్మడం మొదలుపెట్టాడు. "ఏంటి సార్ ఇది, కారం కొట్టే మిల్లులా ఉంది!"

వెనక సీట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న మా ఆవిడ, "మరి మా తమ్ముడు కల్లంలోంచి రెండు బస్తాల కాయలు ఇందులోనేగా వేసి పంపింది, ఏడాది కారానికి" అంది.

"ముందే చెప్పొద్దా అమ్మా!"

"అదేమన్నా చెప్పే విషయమా? మీ ఇంటికి కాయలు ఎట్టా వస్తాయేం?"

అతను ముక్కు తుడుచుకుని, "మా బావమరిది కారులోనేనండీ" అన్నాడు.

మా వైపు బండిలో మిరపకాయలు రావడం విశేషం కాదు. అందుకే అతను అడగలేదు, మేమూ చెప్పలేదు.

తిరిగొచ్చాక ఏసీ ఫిల్టర్ తీయించాడు. తీసింది కళ్ళతో చూడందే కదలకూడదని పక్కనే నిలబడ్డాను. ఎర్రగా, గింజలతో సహా ఉంది. కొత్తది వేసి, గొట్టాల్లోకి గాలి కొట్టించి, "కాయిల్ సంగతి తర్వాత చూద్దాం లెండి" అన్నాడు.

"ఇంటికెళ్ళి భోంచేసి, రేపు బయల్దేరదాం" అన్నాను. నడుం లాగుతోంది.

ఆమె ఒప్పుకోలేదు. "అక్క ఎదురుచూస్తుంటుంది. దర్శికే పోనివ్వండి."

అద్దంకి దాటాక ఒకసారి దగ్గింది. ఏసీ కాస్త తగ్గించి, పోనిచ్చాను.