ఇంటర్వెల్ దాటని పటేలు

డిజిటల్ రావడానికి ముందటి ఎండాకాలంలో నేను నాగర్‌కర్నూల్‌లోని ఒక టాకీసుకు హెడ్ ఆపరేటర్‌ని. నా కింద రెండు ప్రొజెక్టర్లు, ఒక టేబుల్ ఫ్యాను, ఊళ్ళోని బల్లులన్నీ పనిచేసేవి.

గద్వాల నుంచి పాత సినిమా పెట్టె దిగింది. పదహారు రీళ్ళు, మూడు తరాల ప్రేమ. దొర కొడుకూ జీతగాని కూతురూ తొమ్మిదో రీలుకు విడిపోతారు; అక్కడ ఇంటర్వెల్. మిగతా ఏడు రీళ్ళలో వాళ్ళ మనవలు పెళ్ళి చేసుకుంటారు. ఆ సంగతి మా ఓనరు పటేలుకు తెలియదు. ఆయన ఏ సినిమానూ ఇంటర్వెల్ దాటి చూసినవారు కారు. గంట కొట్టగానే పొలంలో మోటరు వేయడానికి పోయేవారు.

ఆయన కొడుకు నరేష్, మా గేట్‌కీపరు లచ్చమ్మ బిడ్డ స్వరూపనే చేసుకుంటానని మొండికేసి ఉన్నాడు. పెట్టె దిగిన రోజు మ్యాట్నీ ఇంటర్వెల్లో అందరి ముందూ పటేలు గర్జించారు. ఆ అరుపుకు పక్కన తెలకపల్లిలో బర్రెలు పాలు ఎగ్గొట్టాయి.

"సినిమాల వాళ్ళకేమైతదో మీకు గూడ గంతే! మాటంటే మాట!"

"సరే నాయినా," అన్నాడు నరేష్.

అంత తొందరగా ఒప్పుకునేసరికి పటేలుకు అనుమానం వచ్చింది. కేబిన్‌లోకి ఉరికొచ్చి, ఇంకా ఏమన్నా ఉందా అని అడిగారు. ఏడు రీళ్ళు చూపించాను.

"ఈడనే శుభం ఏసి జనాన్ని పంపియ్. లేకుంటే రేపటి సంది నువ్వు రాకు."

చివర తెగిన ప్రింట్లకు అతికించడానికి పాత సినిమాల శుభం ముక్కలు నా డబ్బాలో ఉండేవి. అతుకు మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి తెర మీద శుభం పడింది. పటేలు హాల్లోకి దిగారు.

"ఏంది పటేలా," అని లేచాడు ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒక పెద్దాయన. "ఏడ్సుకుంట ఇడిసిపోయిండ్రు, శుభమేంది?"

లచ్చమ్మ తలుపులన్నిటికీ తాళాలేసింది. "ఎవ్వరూ లేవకుండ్రి. ఇంక ఏడు రీళ్ళున్నయి. పొద్దుగాల పెట్టె దింపింది నేనే, ఈ సినిమా ఎన్నడో జూసింది గూడ నేనే. మాటిచ్చినవు పటేలా, కూసో."

పటేలు కూర్చున్నారు. నేను పదో రీలు ఎక్కించాను. ఏడు రీళ్ళూ ఆయన కాళ్ళు ఊపుతూనే ఉన్నారు. బెంచీ రెండు వరసలు ముందుకు జరిగింది. పొలానికి కరెంటు వచ్చింది, పోయింది. అసలు శుభం పడ్డాక లేచి, "ఆ పెద్దదొర మొదట్నే ఊకొడితే గిన్ని రీళ్ళు తప్పేటివి గదనోయ్," అన్నారు. నరేష్ వైపు తిరిగి, "ముహూర్తం జూడుండ్రి. నాకు మోటరేసే పనున్నది."

అప్పుడు నేర్చుకున్నది ఒకటే. శుభం ముక్కను చివరి రీలుకు తప్ప అతికించకూడదు. ముందే సినిమా చూసినవాళ్ళు హాల్లో ఎప్పుడూ ఒకరుంటారు. తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి.