రెండో మనిషి కోసం ఆగిన మస్తాన్ గారు

1967 ఫిబ్రవరి, రెండో ఆదివారం సాయంత్రం. నెల్లూరు, మా వారపత్రిక అచ్చాఫీసు ముందు పందిరి. హాజరైనవారు: కంపోజిటర్ వెంకయ్య, ఎదురుగా టీ అంగడి నడిపే రమణారెడ్డి, మద్రాసు నుంచి విలేఖరి వరదరాజులు గారు, పందిరి నిండా చందాదారులు, తాలూకా కచేరీలో రికార్డులు చూసి రిటైరై, ఈ పత్రికకు ప్రూఫులు దిద్దుతున్న నేను. రానివారు: సంపాదకులు షేక్ మస్తాన్ గారు. సభ ఆయన సంస్మరణకే.

గురువారం పొద్దున మైపాడు బస్సు దిగి, చేపల సంచి చేతిలో ఉండగానే ఆయన కుప్పకూలారని ఒకరు వచ్చి చెప్పారు. నేను నమ్మలేదు. ఆయన సాహచర్యంలో అబ్బిన గుణం అది. కాసేపటికి ఇంకొకరు వచ్చి అదే మాట చెప్పారు. అప్పుడు నమ్మక తప్పలేదు.

మస్తాన్ గారు అనుమానాన్ని వృత్తిధర్మంగా పాటించారు. ఒక్కరు చూసిన సంగతిని ఆయన అచ్చు వేయరు. చూసినవాళ్లు ఇద్దరుండాలి, ఒకరి మాట ఒకరు వినకుండా ఇద్దరూ ఒకే సంగతి చెప్పాలి. తన కంటికి కూడా మినహాయింపు లేదు. ఒకసారి గాలివానకు వాకాడు దారిలో కల్వర్టు కొట్టుకుపోతుంటే స్వయంగా చూసి వచ్చారు. వేసేద్దామా అని అడిగాను.

"నేనొక్కణ్ణే గదన్నా చూసింది. అదీ కళ్లద్దాల్లోంచి" అన్నారు.

మిగతా పత్రికలన్నీ వేశాక మా పత్రికలో ఆ వార్త వచ్చింది.

మైపాడు రేవులో ఆయన చేపలు కొనడం ఒక తంతు. "ఇప్పుడే వలలోంచి తీసినాం సాయిబూ, ఇంకా తోకాడిస్తా ఉంది" అంటుంది అమ్మే మనిషి. "ఆడించేది నువ్వేమో, చేయి తియ్" అంటూ ఆయన వంగి మొప్ప ఎత్తి, రంగు చూస్తారు. ఒకనాడు ఆమెకు విసుగొచ్చింది.

"బీబీని కూడా ఇట్టనే చూసి చేసుకున్నావా?"

"లేదు, ఆమే నన్ను ఇట్ట చూసింది" అన్నారాయన, మొప్ప వదలకుండానే.

అలాంటి మనిషికి మూడేళ్ల కిందట ఒక ఆహ్వానం వచ్చింది. ఒక యాత్రా కంపెనీవారు దక్షిణాది పత్రికల నుంచి కొందరిని తూర్పు ఆఫ్రికా కొండసీమలకు తీసుకుపోయి, గుడారాల్లో ఉంచి, కొండలెక్కించి, అడవి మృగాలను చూపిస్తారు. తిరిగొచ్చాక ఎవరి పత్రికలో వారు ఆ వింతలు రాయాలి. మస్తాన్ గారు ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మననే ఎందుకు పిలుస్తా ఉండారన్నా? మృగాలు వీళ్లు చెప్పిన టయానికి వస్తాయా?"

అయినా వెళ్లారు. చూడకుండా కొట్టిపారేయడం కూడా ఆయన నియమానికి విరుద్ధమే.

ఆషాఢంలో తిరిగొచ్చారు. పెదవులు పగిలి ఉన్నాయి, చంకలో ఎర్రటి ఉన్ని కంబళి ఉంది. ఆ కంబళే కొంప ముంచింది. మా ఊళ్లో అప్పటికింకా వడగాడ్పులు తగ్గలేదు. ఆఫ్రికా అంటే ఇంతకు మించిన ఎండ అని నెల్లూరు మొత్తానికీ గట్టి నమ్మకం.

"ఆఫ్రికాలో కంబళేంది సాయిబూ?" అన్నాడు రమణారెడ్డి టీ వడబోస్తూ.

"కొండ మీద చలి రెడ్డీ. తెల్లారి నీళ్లు ముట్టుకోలేం."

"చలికొండ మాకూ తెలుసులే. ఊటీ. కంబళీ ఆడ కొన్నదే!"

అంగడంతా నవ్వింది. ఆనాటి నుంచి ఆయన ఊటీ సాయిబు అయ్యారు. గురువారం ఖబరస్తాను దగ్గర కూడా ఎవరో ఆ పేరు పలికారు.

ఒక్క వ్యాసం రాస్తే ఆ నోళ్లు మూతపడేవి. ఆయన ఒక్క ముక్క రాయలేదు. నాకూ సందేహం పట్టుకుంది. పాసుపోర్టులో ముద్రలు చూపించవచ్చు కదా అన్నాను.

"ముద్రలదేముందన్నా, ఎవుడన్నా కొట్టించుకోవచ్చు. నేనైతే నమ్మను" అన్నారు.

చాన్నాళ్లకు, ప్రూఫులు దిద్దుకుంటూ, తనంతట తనే చెప్పారు. అక్కడి విడిదిలో రోజూ టీ తాగే వేళకు ఎదురుగా ఉన్న చెట్టు మీదికి ఒక చిరుత వచ్చేదట. విలేఖరులంతా చప్పట్లు కొట్టేవారు. ఒక పొద్దున ఈయన ఒక్కరే చెట్టు వెనక్కి వెళ్లి చూశారు. కొమ్మ మీద తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయి, బెరడుకు మేక వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"తోటివాళ్లను అడిగినానన్నా. ఒక్కొక్కణ్ణీ విడిగా అడిగినా. మాకేం తెలీదు, నీకన్నీ అనుమానాలే అని నవ్వినారు. చిరుత గొప్ప రాయాలంటే అబద్ధమైపోతుంది. మేక సంగతి రాయాలంటే రెండో మనిషి లేడు."

నిజం చెప్పాలంటే, ఈ కథను కూడా నేను సగమే నమ్మాను.

సభలో వరదరాజులు గారు లేచి, ఆ యాత్రలో తానూ ఉన్నానని మొదలుపెట్టారు. రమణారెడ్డి ఆగలేకపోయాడు.

"తప్పుగా అనుకోబాకండి. సాయిబు నిజంగా ఆఫ్రికాకు పోయినాడా?"

"పోలేదంటారేమిటండీ! గుడారంలో నా పక్క మంచమే ఆయనది. ఆయన కంబళి కొన్నది చూసి నేనూ ఒకటి కొన్నాను. లేకపోతే ఆ చలికి బిగుసుకుపోయేవాణ్ణి."

రెడ్డి తల వంచుకుని కూర్చున్నాడు. మళ్లీ ఎత్తలేదు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. పాత పరిచయం కోసం ఇంత పెద్ద విలేఖరి మద్రాసు నుంచి పనిగట్టుకుని వస్తాడా అనిపించింది.

మర్నాడు పొద్దున ఆయన్ను సాగనంపడానికి బస్టాండుకు వెళ్లాను. ఆయన జేబులోంచి ఒక కవరు తీసి నాకిచ్చారు. ఆ కంపెనీవారు మళ్లీ విలేఖరులను తీసుకుపోతున్నారు, ఈ పత్రిక తరఫున ఈసారి నన్ను రమ్మన్నారు. మస్తాన్ గారు నాకు చెప్పిందేదీ నేను బయటపెట్టలేదు. ఆయన అడిగిన ప్రశ్నే అడిగాను.

"చిరుత చెప్పిన టయానికి వస్తుందా?"

"రాకేం? మేకను కోసి కొమ్మకు కడతారుగా."

"మీరు చూశారా?"

"నేనేమిటి, అందరం చూశాం. కట్టేటప్పుడు వంటవాళ్ల పక్కనే నిలబడ్డాం."

"మరి మస్తాన్ గారు అడిగితే తెలియదన్నారట?"

"ఆయనకు చెబితే రాసేస్తాడు కదండీ!" అని నవ్వుతూ బస్సెక్కారు.

కవరు బస్సు కిటికీలోంచి తిరిగి ఆయన చేతికే ఇచ్చి, నేరుగా మస్తాన్ గారింటికి నడిచాను. వారి భార్య జైనాబీ గారు తలుపు చాటునే ఉండి మాట్లాడారు.

"ఏందన్నా, ఇంత పొద్దున్నే?"

చెప్పాను.

"అయితే రెండో మనిషి దొరికినట్టేనా?"

"దొరికాడమ్మా."

"ఇంకేం, వేసేయండి" అన్నారు.

ఇంత నిష్ఠగా అనుమానించే మనిషి మా పత్రికకు మళ్లీ దొరకడు. ఆయనకు నేను అర్పించగల నివాళి ఆయన పద్ధతిలోనే ఉండాలి కనుక, వెంకయ్య చేత కంపోజు చేయిస్తున్న వార్త ఇది: ఆ కొండసీమ విడిదిలో చిరుత తనంతట తాను రాదు, కొమ్మకు మేకను కడితే వస్తుంది. చూసినవారు ఇద్దరు. మొదటివారు షేక్ మస్తాన్ గారు.