కుదురుగా వచ్చిన ముఖం

మొన్న మా మనవరాలు గోదావరి గట్టున పడవను ఫోనులో వీడియో తీస్తూ, షట్టరు స్పీడు అన్న చోట కనబడిన అంకెలు చూపించి ఇదేంటి అమ్మమ్మా అని అడిగింది. కెమెరా కన్ను ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో చెప్పే అంకె అన్నాను. ఎక్కువసేపు తెరిస్తే వెలుగు బాగా వస్తుంది గాని ఆలోగా కదిలినదల్లా అలికినట్టు పడుతుంది, చటుక్కున మూస్తే కదిలేదీ నిలబడుతుంది గాని వెలుగు చాలదు. అది సరేనని మళ్లీ వీడియోలో పడింది. నా మనసు మాత్రం రాజమండ్రిలో మా మామగారు నడిపిన ఫొటో స్టూడియోకి పోయింది.

పెళ్లయి వచ్చిన కొత్తలో, వంటయ్యాక ఊరికే కూర్చోలేక, నెగెటివులు కడగడం నేర్చుకున్నాను, ఆ తర్వాత కెమెరా. మామగారిది పాత పద్ధతి. తెర ముందు కుర్చీ, రెండు పెద్ద దీపాలు, షట్టరు సెకనులో పదిహేనో వంతు. కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టాలి. మన వయసు వాళ్ల పెళ్లిచూపుల ఫొటోల్లో ఆ బిగింపు ఉంటుంది, కావాలంటే తీసి చూసుకోండి.

కడియం మొక్కల నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయన భార్యను తీసుకొచ్చాడు. ఆవిడకు ఏదో నరాల జబ్బు, తల సన్నగా ఊగుతూనే ఉండేది. ఆమెది ఒక్క ఫొటో అయినా సరిగా లేదని ఆయన బాధ. మామగారు రెండుసార్లు తీశారు. రెండుసార్లూ చీర అంచు దారాలతో సహా వచ్చింది, ముఖం మాత్రం పొగలా వచ్చింది. రెండోది చూసుకున్న రోజున ఆవిడ, "నా మూలాన మీకు ఫిల్ము దండగండి, ఇంక వద్దులెండి" అంటూ లేచింది.

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. మామగారి పనిలో మాట కలపడం అదే మొదలు.

"పెరట్లో తీద్దామండీ మావయ్యగారూ. ఎండలో అయితే షట్టరు రెండువందల యాభయ్యో వంతులో పెట్టొచ్చు, తల ఊగినా మొహం నిలబడుతుంది."

"ఎండకి మొహం సగం నల్లగా వస్తుందమ్మా," అన్నారాయన. పెరటి వైపు ఓసారి చూసి, "సరే, నువ్వే తియ్యి," అని కెమెరా నా చేతికిచ్చారు.

ఆవిడను నూతి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, నీడ పడ్డ వైపు కాస్త వెలుగు తగిలేలా వాళ్లాయన చేత తెల్ల పంచె పట్టించాను. ఊపిరి బిగబట్టక్కర్లేదండి, మామూలుగా ఉండండి అన్నాను.

ప్రింటు ఇచ్చిన రోజున ఆవిడ చాలాసేపు చూసుకుంది. "అద్దంలో కూడా నా మొహం ఇలా నిలబడి కనపడి ఎన్నాళ్లయిందో అమ్మా," అంది. వాళ్లాయన ఆవిడ చేతిలోంచి ఫొటో తీసుకోకుండా, పక్కనుంచి వంగి చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పసిపిల్లలనూ ముసలివాళ్లనూ మామగారు నాకే వదిలేసేవారు.

ఇప్పుడు ఆ అంకెను ఫోనే ఎంచుకుంటుంది, మంచిదే. అప్పట్లో అంకె తిప్పేముందు మనిషిని కాసేపు చూడాల్సి వచ్చేది, ఎలా కూర్చుంటారు, చెయ్యి ఆగుతుందా, పిల్ల ఎప్పుడు కదులుతుంది అని. అలా చూసినందువల్లనే ఆ వీధిలో సగంమంది ముఖాలు ఇవాళ్టికీ నా కళ్లముందున్నాయి. నా ఫోనులోనూ ఇప్పుడు వేల ఫొటోలున్నాయి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లలో ఎవరినీ అంతసేపు చూసిన గుర్తు లేదు.